బ్రేకు కాలికి తెలియడం లేదు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చబోతుంటే ఫోను మోగింది. కావలి నుంచి ఎవరో ఒకాయన. ముచ్చటపడి పాత టర్బో కారొకటి కొన్నాడట. ఇప్పుడు దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తెలియక సతమతమవుతున్నాడట. "అన్నా, నమ్మకమైన షెడ్డు ఏదన్నా ఉంటే చెప్పన్నా. మీకు తెలిసినంతగా ఈ పక్క ఇంకెవరికీ తెలవదంట గదా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నేను విడవలూరులో ఫొటో స్టూడియో నడుపుకునేవాణ్ణి. పాస్‌పోర్టు సైజులు, పెళ్ళి ఆల్బములు, ఓణీల ఫంక్షన్లు, ఇదీ నా లోకం. కారు బానెట్ ఎత్తితే లోపల ఏది ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. అలాంటి నాకు పాత కార్ల పండితుడనే పేరు అంటగట్టి పోయింది మా ఎదురింటి అక్క. ఆమె పోయి ఏడాది దాటింది. ఆ పేరు మాత్రం నన్ను వదల్లేదు.

ఫోను పెట్టేశాక ఇక నిద్ర రాలేదు. పడుకున్నంతసేపూ అక్కే కళ్ళముందు మెదిలింది.

అక్కకు రామతీర్థం దారిలో రొయ్యల గుంటలుండేవి. భర్త చిన్నవయసులోనే పోతే, తమ్ముణ్ణి పక్కన పెట్టుకుని ఆ గుంటలన్నీ తనే చూసుకునేది. ఒక ఏడు పంట బాగా కలిసొచ్చింది. ఊళ్ళో తక్కినవాళ్ళంతా నెల్లూరులో ప్లాట్లు కొన్నారు. అక్క మద్రాసు వెళ్ళి ఒక ఎర్ర కారు తోలుకొచ్చింది. అప్పటికే అది ఒకరి చేతిలో తిరిగిన బండి. నిలబెట్టి చూస్తే మామూలు కారే. ఇంజనుకు అదనంగా ఊపిరి పోసే టర్బో అనే సరంజామా ఒకటి లోపల ఉందట, దానివల్ల తక్కిన కార్లు గేరు మార్చుకునేలోపు అది మలుపు తిరిగి కనపడకుండా పోయేది. తయారు చేసిన కంపెనీ ఆ మోడలును ఎప్పుడో ఆపేసింది. అక్క ఆపలేదు.

బండికి ముద్దుపేర్లేవీ లేవు. "ఎర్రది" అనేది, దొడ్లో ఆవు గురించి చెప్పినట్టు. "ఎర్రది పొద్దన్నే కొంచెం దగ్గింది." "ఎర్రదానికి ఆ బంకు పెట్రోలు పడదు." వినేవాళ్ళు నిజంగానే పశువుల డాక్టరు నంబరు ఇవ్వబోయిన సందర్భాలున్నాయి.

ఆమె తోలే తీరు చూడాలి. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి, చెప్పులు విప్పి వెనక సీటు కింద పడేసి, ఉత్తి కాళ్ళతో కూర్చునేది. అదేంటక్కా అంటే, "చెప్పులేసుకుంటే పెడలు ఏం చెప్తుండాదో కాలికి తెలవదు" అనేది. మోటారు సైకిళ్ళ మీద పోటీకి వచ్చే కుర్రాళ్ళను ముందుకు పోనిచ్చి, గుక్క తిప్పుకునేలోపు దాటేసి, ఎడం చేత్తో టాటా చెప్పేది. హారను కొట్టగా నేనెప్పుడూ వినలేదు. హారను ఆగడం చేతగానివాళ్ళ పని అని ఆమె అభిప్రాయం.

డాష్‌బోర్డు అరలో కారు కాగితాలుండాల్సిన చోట మలైకాజా డబ్బా ఉండేది. ఆమెకు షుగరు. ఇంట్లో తమ్ముడి కాపలా గట్టిగా ఉండేది కాబట్టి, తినాలనిపిస్తే బండెక్కాల్సిందే. నేను వద్దని చెయ్యి పట్టుకుంటే, "షుగరు ఉండేది ఇంట్లో, నాయనా. బండిలో యాడుండాది?" అని ఒకటి నోట్లో వేసుకుని, ఇంకొకటి నా నోట్లో కుక్కేది, నేను ఇంట్లో చెప్పకుండా.

ఆ తమ్ముడు పాపం మెతక మనిషి. అక్కంటే ప్రాణం, అక్క కారంటే గుండెదడ. "అరవై దాటినంక ఈ తొక్కుడేందక్కా" అని ఏళ్ళతరబడి గొణిగి గొణిగి, చివరికి ఆమె దగ్గర ఒక మాట తీసుకున్నాడు. ఇక ఎప్పుడైనా ఆ బండి వల్ల ఒక్క ప్రమాదం జరిగినా దాన్ని అమ్మెయ్యాలి. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నాకే షెడ్ల వేట మొదలైంది. బండిలో ఎక్కడా వంక లేకుండా చూసుకోవాలి, నమ్మకంగా చూసే ఒక మనిషి కావాలి. అదీ మాకు ఆమె చెప్పిన కారణం. ఎర్రది లేకపోతే ఆమెకు ఇల్లూ వాకిలీ తప్ప ఏముంటుందో నాకు తెలుసు కాబట్టి, నేను మారు మాట్లాడకుండా వెంట బయల్దేరాను.

వెంట తీసుకెళ్ళింది నా తెలివితేటల కోసం కాదు. "ఆడమనిషి పోతే మెకానిక్కులు ఒక కత, మొగోడు పోతే ఇంగో కత చెప్తారు. నీకు పొట్టుండాది, కళ్ళజోడుండాది, సరిగ్గా ఓనరు మొహం. నువ్వు ముందు కూసో. నేను వెనకాల నీ పెద్దమ్మను" అంది. నాకు కోపం రావాల్సింది గానీ, ఓనరు మొహం అనేసరికి మెత్తబడ్డాను. అప్పట్నుంచీ నన్ను ఓనరూ అనే పిలిచేది, స్టూడియోలో పెళ్ళివాళ్ళ ముందు కూడా.

పద్ధతి ఇదీ. షెడ్డు ఒక ఫర్లాంగు దూరంలో ఉందనగా అక్క బండి ఆపి దిగేది. నేను స్టీరింగు ముందుకు మారేవాణ్ణి. ఆమె వెనక సీట్లోకి పోయి, పైట భుజం చుట్టూ కప్పుకుని, పుణ్యక్షేత్రాలకు బయల్దేరిన ముసలమ్మలాగా తల వాల్చేసేది. షెడ్డులో నేను చెప్పాల్సిన మాట కూడా ఆమే నేర్పింది. "బ్రేకు తొక్కితే కాలికి తెలియడం లేదు." అంతే. దానికి ఒక ముక్క కలపకూడదు, తియ్యకూడదు.

"బ్రేకు బాగానే ఉంది గదక్కా, ఇప్పుడే గేదె ముందర ఆపినావు?" అన్నాను మొదటిసారి.

"అది పరీక్షరా. లేని రోగం చెప్తాం. ఉందని మందు రాసేవాడు దొంగ. లేదని పంపేవాడు మనోడు."

నాకు ఈ ఎత్తు మహా నచ్చింది. నిజం చెప్పాలంటే, పెళ్ళిళ్ళలో అందరినీ నవ్వమని బతిమాలే నా బతుకులో ఇంత సరదా ముందెప్పుడూ లేదు. నెల్లూరులో మొదటి షెడ్డాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కకుండానే, "బ్రేకు ప్యాడ్లు పోయినాయి సార్" అన్నాడు. రెండో ఆయన ప్యాడ్లు బాగానే ఉన్నాయిగానీ బ్రేకు ఆయిలు తోసే పెద్ద పంపే పోయిందన్నాడు. ఇంకొకాయన కళ్ళు మూసుకుని చక్రం మీద చెవి ఆనించి, చాలాసేపు అలాగే ఉండి, "ఇది బ్రేకు కాదు, టర్బో" అని కన్నీళ్ళ పర్యంతమయ్యాడు. వెనక సీట్లో పెద్దమ్మ దగ్గుతున్నట్టు నవ్వును మింగింది. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చిన ఒక పెద్ద షెడ్డువాళ్ళయితే కంప్యూటరుకు తీగ తగిలించి, రంగు రంగుల కాగితం ఒకటి నా చేతిలో పెట్టి, ఈ బండిని ఇంతకాలం నడిపినందుకు నన్నే మందలించారు.

బయటికొచ్చి మళ్ళీ ఫర్లాంగు దూరం పోయాక సీట్లు మార్చుకునేవాళ్ళం. అక్క ఆ మెకానిక్కును అచ్చంగా అనుకరించి చూపించేది. ఆ చక్రానికి చెవి ఆనించినాయన్ని చేస్తే ఇంటికొచ్చేదాకా నాకు పొట్టచెక్కలయ్యేది. కానీ ఒకటి చెప్పాలి. ప్రతిచోటా వాళ్ళు లోపం ఏమిటో చెప్పే ఆ ఒక్క నిమిషం మాత్రం ఆమె నవ్వేది కాదు. ముందుకు వంగి, నా భుజం పట్టుకుని, ఊపిరి బిగబట్టి వినేది. మంచి నటన అనుకున్నాను నేను.

జువ్వలదిన్నె హార్బరు దగ్గర బోటు ఇంజన్లు చేసే మనిషి సంగతి అక్కకు రొయ్యల వ్యాపారి ఒకాయన చెప్పాడు. పెద్ద బోట్ల ఇంజన్లకూ టర్బోలుంటాయట. వాటిని విప్పి బిగించడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడట. ఇది మేం వెళ్ళాక అతను కూడా చెప్పాడు, ఒకటికి నాలుగుసార్లు. బెస్తవాళ్ళ మనిషి, లుంగీ ఎగగట్టి, నూనె చేతులతోనే మీసం సవరించుకుంటూ వచ్చాడు. వినయం అనేది అతని వైపు తొంగిచూసిన దాఖలా లేదు. "ఈడ్నించి కృష్ణపట్నం దాకా ఏ బోటు ఇంజనన్నా నా చెయ్యి పడకుండా దడదడమనదు సార్. కార్లంటే నాకు ఆటబొమ్మలు" అన్నాడు.

అంతటితో ఊరుకోలేదు. ఇంజను బాగుచేశాక బోటు మొదటిసారి సముద్రంలోకి పోయేటప్పుడు, బాగుచేసినవాడు కూడా ఎక్కి వెళ్ళాలట. అక్కడి ఆచారం అది. "చేసినోడు ఎక్కితేనే బోటోళ్ళు తాడు ఇప్పేది. అందుకే సార్, ఈడ మెకానిక్కులు అబద్ధం చెప్పరు. చెప్తే మునిగేదాంట్లో మేమూ ఉంటాం గదా" అని పెద్దగా నవ్వాడు.

నేను నా మాట అప్పజెప్పాను. బ్రేకు తొక్కితే కాలికి తెలియడం లేదు. అతను తాళం తీసుకుని, నన్ను దించేసి, వెనక పెద్దమ్మను అలాగే ఉంచి, హార్బరు రోడ్డు మీద అటూ ఇటూ తోలాడు. రోడ్డు వారన ఎండుచేపలు ఆరబోసుకుంటున్న ఆడవాళ్ళు దుమ్ము పడుతోందని తిట్టారు. అతను వాళ్ళనూ తిరిగి తిట్టాడు. ఆపాడు, పోనిచ్చాడు, మళ్ళీ ఆపాడు. చక్రాలు విప్పి చూశాడు. బండి కిందకు దూరి చూశాడు. చివరికి చేతులు దులుపుకుంటూ లేచాడు.

"బ్రేకు బ్రహ్మాండంగా ఉండాది సార్. బండిలో ఏ లోపమూ లేదు. తీసకపోండి."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. దొరికాడు! ఇన్ని షెడ్లు తిరిగాక లేని రోగాన్ని లేదని చెప్పిన మగవాడు దొరికాడు. గెలిచిన మొహంతో బండి వైపు తిరిగాను. అక్క మొహం పాలిపోయి ఉంది. వేషం సంగతే మరిచిపోయి, తలుపు తీసుకుని దిగొచ్చింది.

"సరిగ్గా చూళ్ళేదు నువ్వు. మళ్ళా చూడు."

"ఎన్నిసార్లు చూసినా లేని రోగం యాడ్నించి వస్తదక్కా?"

"కాలికి తెలవడంలా అంటుంటే!"

"నా కాలికి తెలిసింది గదా" అన్నాడతను, అమాయకంగానే.

"పద" అంది నాతో. ఫర్లాంగు కూడా ఆగలేదు. అతని ఎదురుగానే స్టీరింగు ముందు కూర్చుంది. దారి పొడుగునా డాష్‌బోర్డు అర తెరవలేదు. బోగోలు దాటాక నేను ధైర్యం చేసి, "అక్కా, పరీక్ష ప్యాసయినాడు గదా ఆయన?" అన్నాను. "బోట్లు చేసుకునేవాడికి కార్లేం తెలుస్తయ్?" అంది విసురుగా. మరి అంతదూరం ఎందుకు వెళ్ళినట్టో నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళకు అప్పుడప్పుడూ తిక్క వస్తుందిలే అని సరిపెట్టుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఎర్రది రొయ్యల గుంటలో దిగింది.

పొద్దున్నే మేత వేసే వేళ. గట్టు మీద మోటారు గది దగ్గర ఎప్పుడూ ఆపే చోటే ఆపబోయింది అక్క. బండి ఆగలేదు. పెద్ద వేగం కూడా లేదట, చూసినవాళ్ళు చెప్పారు. స్నానానికి దిగినట్టు నిదానంగా గట్టు దిగి, ముందు దీపాలు మునిగేదాకా పోయి, బురదలో కూర్చుంది. అక్క మోకాలి లోతు నీళ్ళలో దిగి, చీర పిండుకుంటూ గట్టెక్కింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. సొంత గుంట కాబట్టి పరాయివాళ్ళతో గొడవా లేదు. మేత సరిగ్గా వేస్తున్నారో లేదో చూడ్డానికి అక్క స్వయంగా కారేసుకుని లోపలికెళ్ళిందని ఊరంతా ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. తమ్ముడొక్కడే నవ్వలేదు. గట్టు మీద కూలబడి, తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఆ సాయంత్రం వాళ్ళ వసారాలో పంచాయతీ జరిగింది. తమ్ముడు, అక్క, మధ్యలో నేను.

"మాటంటే మాటే అక్కా. బండి అమ్మేద్దాం" అన్నాడు.

"తప్పు బండిది గాదు, బ్రేకుది. బ్రేకు పడలా."

"సరే. బ్రేకులో ఇదీ లోపం, ఇప్పుడు బాగుచేసినా అని ఎవరన్నా మెకానిక్కును నా ముందర చెప్పమను. అప్పుడు నువ్వే తోలుకో, నేను నోరెత్తను. అట్టా చెప్పేవాడు లేకపోతే మాత్రం బండి పోవాల్సిందే."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలిక షరతా! అతను లోపలికి పోగానే అక్క చెవిలో చెప్పాను. "నెల్లూరుకు పోదాం అక్కా. అక్కడయితే అడక్కముందే చెప్తారు. ఒకటేం, నాలుగు లోపాలు చెప్తారు."

అక్క చాలాసేపు తన కాళ్ళ వైపు చూసుకుంటూ కూర్చుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "వాళ్ళు చెప్తే తమ్ముడు నమ్ముతాడు. నేను నమ్మొద్దా? జువ్వలదిన్నెకు పట్టించు."

ఎర్రదాన్ని లారీ మీదకెక్కించి హార్బరుకు పంపాం. బోటు మెకానిక్కు పాత గొడవ సంగతి ఎత్తనే లేదు. బురద కడిగి, ఇంజను విప్పి, ఎండబెట్టి, ఏవేవో మద్రాసు నుంచి తెప్పించి, మళ్ళీ కట్టాడు. మేం బండి తెచ్చుకోవడానికి వెళ్ళినరోజు గర్వంతో తబ్బిబ్బవుతూ కనిపించాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా, అడుగు భాగమంతా బోట్లకు వేసే నీలం రంగు దట్టంగా పూసేశాడు. వంగి చూస్తే మా ఎర్రదానికి నీలం పొట్ట. ఇంకో సందర్భంలో అయితే అక్క అతన్ని అక్కడికక్కడే సముద్రంలోకి తోసేసేది. ఆ రోజు మాత్రం, "బాగుండాదిలే" అంది.

"తాళం ఇయ్యి. నువ్వు కూడా ఎక్కు" అంది మళ్ళీ.

"నేనెందుకక్కా?"

"బోటయితే ఎక్కుతావు గదా? ఇదీ అంతే. చేసినోడు ఎక్కాల."

అతను పెద్దగా నవ్వి ఎడం పక్క సీట్లో కూర్చున్నాడు. నేను వెనకాల. రోడ్డు ఎక్కి, ఊరు దాటి, బారుగా దారి కనపడగానే అక్క కుదురుగా కూర్చుని తొక్కింది. అన్నాళ్ళ తర్వాత ఎర్రది గొంతు విప్పింది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. తుఫానుల్లో నడిసముద్రంలో ఇంజన్లు కట్టానని చెప్పుకునే ఆ మనిషి రెండు చేతులతో సీటు పట్టుకుని "అమ్మా గంగమ్మా" అన్నాడు. "అక్కా, బోటు ఇంత తొందరగా పోదక్కా!" అని అరిచాడు. అక్క నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేను. పక్కన కాలువ, ఆ అవతల రొయ్యల గుంటలు, కిటికీలోంచి ఉప్పుగాలి, స్టీరింగు మీద ఆమె చేతులు. ఆ క్షణంలో ఆమెకు పాతికేళ్ళంటే నేను కాదనను.

మలుపులు వచ్చాయి. అక్క బ్రేకు తొక్కింది. ఇంకో మలుపు, మళ్ళీ తొక్కింది. అతను అరవడం మానేశాడు. రోడ్డు చూడటం కూడా మానేశాడు. తల వంచి అక్క కాళ్ళ వైపే చూస్తున్నాడు. నేను వెనకనుంచి, భయంతో కళ్ళు దించుకున్నాడనుకుని, లోలోపల ముసిముసిగా నవ్వుకున్నాను. వెనక్కి తిరిగి హార్బరు చేరేదాకా అతను ఆ కాళ్ళ మీంచి చూపు తిప్పలేదు.

బండి ఆగింది. ఎవరూ దిగలేదు.

"ఏం లోపం దొరికింది బ్రేకులో?" అంది అక్క, అద్దంలోంచి ముందుకే చూస్తూ.

"ఏం దొరకలేదక్కా. మొత్తం ఇప్పి చూసినా. అప్పుడూ బాగుండాది, ఇప్పుడూ బాగుండాది." కాసేపు మీసం తడుముకున్నాడు. అతను మాటలకు తడుముకోవడం నేను చూడ్డం అదే మొదలు. "బ్రేకు తొక్కేటప్పుడల్లా నువ్వు కిందికి చూస్తుండావక్కా. కాలు యాడుందో కంటితో ఎతుక్కుంటుండావు. మా నాయనకూ ఇట్నే ఉండె, షుగరు. అరికాల్లో మేకు దిగినా తెలిసేది గాదు ఆయనకు."

ప్రతి షెడ్డులోనూ ఆమె నాతో చెప్పించిన మాట, ఒక ముక్క కలపొద్దు తియ్యొద్దు అన్న మాట, పచ్చి నిజం. పరీక్షా లేదు, పాడూ లేదు. తనకున్న జబ్బును నా నోటితో, నా పేరు మీద, మెకానిక్కులకు చెప్పుకుంటూ తిరిగింది.

"ఏడాది పైనే అయింది" అంది అక్క, మా ఇద్దరికీ కాకుండా ఎవరికో చెబుతున్నట్టు. "ముందు కుడికాలు మొద్దుబారింది. బండిలోనే ఏదో ఉండాది, అందుకే తెలవడంలా అనుకున్నా. అనుకోవాలని అనుకున్నా. ఎవడో ఒకడు నమ్మకస్తుడు ఇదీ లోపం అని చూపిస్తే నమ్మేసేదాన్ని. చూపించినోళ్ళంతా దొంగనాయాళ్ళయిపోయిరి."

చెప్పి తనే నవ్వింది. మాకు నవ్వు రాలేదు.

"మా తమ్ముడుండాడు. బ్రేకులోనే ఉండిందని ఒక్క మాట చెప్తావా ఆయనకు?" అని అడిగింది. అక్క ఒకరిని బతిమాలడం నేనెన్నడూ చూడలేదు.

"చెప్పలేనక్కా. నువ్వు గుంటలో పడితే లేచొస్తావు. బడికాడ పిలకాయలు అడ్డమొస్తే?"

అక్క స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే పెట్టుకుని, లంగరేసిన బోట్ల వైపు చూస్తూ ఉండిపోయింది. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆమె కళ్ళలో లేవు. కాసేపటికి అతని భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది.

"తిరగ్గా తిరగ్గా దొరికినావు గదరా" అంది. "ఓనరూ, చూసినావా? ఇట్టాంటోడి కోసమే గదా మనం తిరిగింది."

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. అతను ఒక్క అబద్ధమాడితే ఏం పోయిందని ఆ నిమిషాన అతని మీద మంట కూడా పుట్టింది. అబద్ధం ఆడడని తెలిసే ఆమె అతని దగ్గరకొచ్చిందని ఇంటికి పోయాక గానీ నా బుర్రకు తట్టలేదు.

అక్క దిగింది. బండి ముందునుంచి, బానెట్ మీద అరచెయ్యి రాస్తూ చుట్టూ తిరిగి, ఎడంపక్క తలుపు తీసుకుని కూర్చుంది. అన్నేళ్ళలో ఆ సీట్లో ఆమె కూర్చోవడం అదే మొదలు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు కదిలింది. తాళం నాకిచ్చింది.

నేను భయం భయంగా పోనిచ్చాను. హైవే ఎక్కేదాకా ఆమె మాట్లాడలేదు. ఇంకెప్పుడైనా అయితే, రోడ్డురోలరు తోలుతున్నావా అని నా ప్రాణం తీసేది. అల్లూరు దగ్గర గొర్రెల మంద ఒకటి రోడ్డుకడ్డంగా వచ్చింది. దూరం నుంచే చూసి బ్రేకు తొక్కాను. బండి మెత్తగా ఆగింది.

"ఎట్టుండాది?" అంది అక్క.

"ఏందక్కా?"

"బ్రేకు. తొక్కితే కాలికి ఎట్టుండాది? చెప్పు."

అన్నేళ్ళుగా కారు తోలుతున్నా, బ్రేకు ఎలా ఉంటుందని నన్నెవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. మళ్ళీ కొంచెం వదిలి, నిదానంగా, ధ్యాస పెట్టి తొక్కాను.

"ముందు మెత్తగా దిగతా ఉందక్కా. సగం కాడ పట్టు తెలుస్తుండాది. ఆడ్నించి కొంచెం గట్టిగా... లోపల సన్నగా ఏదో జలజలమన్నట్టు ఉండాది, అరికాలికి."

"ఆఁ" అంది. కళ్ళు మూసుకుని సీటుకు తల ఆనించింది. "అదే. అట్నే ఉంటది. మళ్ళా తొక్కు."

గొర్రెలు దాటిపోయి చాలాసేపయింది. వెనక లారీవాడు హారను మోగిస్తూనే ఉన్నాడు. నేను రవ్వంత ముందుకు పోనిచ్చి మళ్ళీ తొక్కాను. తొక్కి, అది ఎలా ఉందో ఆమెకు చెప్పాను.